రైడ్ కొనకండి, పాఠం కొనండి: పాత విమానాల్లో నా ఇరవై నిమిషాలు, ఒక గంట

ముందే చెప్పేస్తాను, ఇది రెండు సర్వీసుల రివ్యూ. ఒకటి టైగర్ మాత్ అనే పాతకాలపు రెండంతస్తుల రెక్కల విమానంలో ఇరవై నిమిషాల జాయ్‌రైడ్. రెండోది పైపర్ కబ్ అనే చిన్న పసుపు విమానంలో గంటసేపు పాఠం. రెండూ గుడ్డ తొడిగిన విమానాలే, రెండింటికీ నా జేబులోంచే డబ్బు కట్టాను, ఎవరూ ఫ్రీగా ఎక్కించలేదు. మొదటిదానికి ఐదుకి మూడు. రెండోదానికి ఐదుకి ఐదు, ఆరో స్టార్ ఉంటే అదీ ఇచ్చేవాణ్ని. టైగర్ మాత్ తక్కువ విమానమని కాదు, దాన్ని అమ్మే పద్ధతిలో ఉంది తేడా అంతా.

ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు పాత విమానాల వీడియోలు. తోలు టోపీ, పెద్ద కళ్లద్దాలు, మెడకి స్కార్ఫు, వెనక సూర్యాస్తమయం. నేనూ అలాంటి వీడియో ఒకటి అర్ధరాత్రి చూసి, ఇంకో పది చూసి, తెల్లారేలోపు బుక్ చేసేశాను. బుక్ చేసేటప్పుడు బరువు అడుగుతారు. సిగ్గుపడి ఓ మూడు కిలోలు తగ్గించి రాయకండి, అక్కడికి వెళ్లాక మళ్లీ తూకం యంత్రం ఎక్కిస్తారు, అదీ అందరి ముందు. నాది రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి మబ్బు. రెండోసారి గాలి, అదీ కింద నిలబడ్డవాడికి హాయిగా అనిపించే గాలి, కానీ రన్‌వేకి అడ్డంగా వీస్తోందట. అప్పుడు ఒళ్లు మండింది కానీ, ఇప్పుడు ఆలోచిస్తే నేనిచ్చిన మూడు స్టార్లలో ఒకటి ఆ వాయిదాలకే. "ఏం పర్లేదు, రండి పోదాం" అనే పైలట్ దగ్గర డబ్బు కట్టకండి. కట్టేసి ఉంటే, ఎక్కకండి.

విమానం మాత్రం అందగత్తె, అందులో అనుమానం లేదు. డి హావిలాండ్ కంపెనీ చేసిన ఈ టైగర్ మాత్ మొదటిసారి ఎగిరింది 1931 అక్టోబర్ 26న. ఆ తర్వాత ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి, బ్రిటిష్ వైమానిక దళంలో ఒక తరం పైలట్లలో చాలామంది దీని మీదే ఓనమాలు దిద్దారు. రెక్కలు చెక్కవి, పొట్ట స్టీలు గొట్టాలది, పైన బిగించిన గుడ్డ. రెక్కల కొసలు కొంచెం వెనక్కి వంగి ఉంటాయి, చూడ్డానికి స్టైల్ అనుకున్నాను, కారణం వేరు. ముందు సీట్లో కూర్చునే టీచర్ ప్రమాదం వస్తే పారాచ్యూట్‌తో బయటపడాలి కదా, దానికి పై రెక్క అడ్డం వస్తోందని దాన్ని ముందుకు జరిపారు, జరిపేసరికి బరువు లెక్క తప్పింది, ఆ లెక్క సరిచేయడానికి రెక్కల్ని వెనక్కి వంచారు. ఇంత చేసినా ఆ ముందు సీట్లోకి ఎక్కడం ఓ సర్కస్. ఇప్పుడు రైడ్‌కి వచ్చినవాళ్లని కూర్చోబెట్టేది ఆ సీట్లోనే, పైలట్ వెనక ఉంటాడు. కింది రెక్క మీద ఎక్కడ కాలు పెట్టాలో గీత గీసి ఉంటుంది, గీత దాటితే కాలు గుడ్డలోంచి కిందికి దిగిపోతుంది.

సెల్ఫ్ స్టార్టర్ లేదు, బ్రేకులు లేవు. అందుకే ఒకాయన చక్రాలకి అడ్డంగా దిమ్మలు పెట్టి, ప్రొపెల్లర్‌ని చేత్తో నాలుగైదు సార్లు మెల్లగా తిప్పి, "కాంటాక్ట్" అని కేక వేశాడు. వెనక నుంచి పైలట్ అదే మాట అరిచి స్విచ్చులు వేశాడు. ఒక్క ఊపు. దగ్గు. ఇంకో ఊపు, ఈసారి ఇంజిన్ అందుకుంది. 130 హార్స్‌పవర్ జిప్సీ మేజర్, నాలుగు సిలిండర్లూ తలకిందులుగా వేలాడుతుంటాయి, ముందు చూపు బాగుంటుందని అలా పెట్టారు. తలకిందులు కాబట్టి నూనె ఎప్పుడూ కొంచెం కారుతూనే ఉంటుంది. కంగారుపడి చూపించాను. "కారుతోందంటే లోపల ఉన్నట్టే కదండీ" అన్నాడు ఆ తిప్పినాయన. అక్కడ అందరికీ అరిగిపోయిన జోకట ఇది, నాకు కొత్త.

ఇక్కడిదాకా అన్నీ బాగున్నాయి. గొడవ ఎక్కడంటే, ఇరవై నిమిషాలు ఇంజిన్ స్టార్ట్ అయిన క్షణం నుంచి లెక్క. ఇంజిన్ వేడెక్కాలి, తర్వాత గడ్డి మీద పాములా మెలికలు తిరుగుతూ వెళ్లాలి, ఎందుకంటే ముక్కు పైకి ఉంటుంది, నేరుగా వెళ్తే ముందేముందో కనబడదు. ఇవన్నీ అయ్యి నేల వదిలేసరికి నా ఇరవైలో ఆరు పోయాయి. తిరిగొచ్చాక మళ్లీ అదే మెలికల ప్రయాణం. గాల్లో ఉన్నది పన్నెండు నిమిషాలు. వెబ్‌సైట్లో ఈ ముక్క ఎక్కడా రాయలేదు, అడిగితే "అందరూ అంతేనండి" అన్నారు. అందరూ అంతే కావచ్చు, కానీ రాయాలి.

ఇక ముందు సీటు. వీడియోల్లో కనబడే ఆ దృశ్యం ముందు సీట్లోంచి కనబడదు. కిందికి చూస్తే కింది రెక్క, పైకి చూస్తే సరిగ్గా నెత్తి మీద 86 లీటర్ల పెట్రోలు ట్యాంకు, పక్కకి చూస్తే కర్రలూ తీగలూ, వాటి సందుల్లోంచి కాస్త భూమి. మోకాళ్ల మధ్య స్టిక్, అంటే విమానాన్ని తిప్పే కర్ర, దానంతట అదే అటూ ఇటూ కదులుతుంటుంది, దయ్యం నడుపుతున్నట్టు. ముట్టుకోవద్దని ముందే చెప్పారు. అదే నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధేసింది. ఇది కొత్త పైలట్లకి పాఠం చెప్పడానికి పుట్టిన విమానం, కంట్రోల్స్ రెండు సీట్లలోనూ ఉన్నాయి, అయినా నేను చేతులు కట్టుకుని కూర్చోవాలి. వీడియో ప్యాకేజీ అని విడిగా ఇంకో డబ్బు. ఆ కెమెరా తిరిగి ఉన్నది నా మొహం వైపు. పన్నెండు నిమిషాల పాటు గాలికి నా బుగ్గలు జెండాల్లా కొట్టుకోవడం చూడాలంటే చెప్పండి, పంపిస్తాను.

ఒక్క నిమిషం మాత్రం డబ్బంతా వసూలు చేసేసింది. దిగేటప్పుడు పైలట్ ఇంజిన్ బాగా తగ్గించాడు. అప్పటిదాకా ఇంజిన్ హోరులో మునిగిపోయిన తీగల శబ్దం పైకి వచ్చింది. రెక్కల మధ్య బిగించిన తీగలు గాలికి సన్నగా ఈల వేస్తాయి, వేగం పెరిగితే ఈల పైస్థాయికి పోతుంది, తగ్గితే కిందికి దిగుతుంది. ఆ ఈల వింటే చాలు, మీటరు చూడకుండా వేగం అంచనా కట్టొచ్చని నాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఇంజిన్ నోరు మూస్తే విమానం మాట్లాడుతుంది. సరిగ్గా ఆ మాట వినడం మొదలుపెట్టేసరికి చక్రాలు గడ్డిని తాకాయి, దిగిపొమ్మన్నారు.

దిగాక పైలట్ నా మొహం చూసి ఏం అనుకున్నాడో, మైదానం అవతలి కొసన ఉన్న పసుపు విమానం వైపు వేలు చూపించి, "మీకు కావాల్సింది ఇది కాదులెండి, అక్కడికి వెళ్లి ఆయన్ని అడగండి" అన్నాడు. తన కస్టమర్‌ని ఇంకో దుకాణానికి పంపించినందుకు ఆయనకి విడిగా నా నమస్కారాలు.

రెండు వారాల తర్వాత వెళ్లాను. ఇన్‌స్ట్రక్టర్ రిటైరైన మనిషి, మాట తక్కువ. గంట పాఠం అంటే గాల్లో గంట. నేల మీద గడిపిన ముప్పావు గంటకి పైసా తీసుకోలేదు, నా ఉద్దేశంలో అసలు పాఠం అక్కడే సగం అయిపోయింది. విమానం చుట్టూ తిప్పారు. ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు గాజు సీసాలోకి పట్టి వెలుతురులో చూపించారు, నీళ్లు కలిసి ఉంటే అడుగున బుడగల్లా కనబడతాయట. గుడ్డని వేలితో కొట్టి చూపించారు, డప్పులా మోగింది. రెక్కని పట్టుకుని ఊపమన్నారు. "భయపడకండి, ఇక్కడ విరిగితే మనకే మంచిది."

పైపర్ కబ్ గురించి తెలియని వాళ్లకి నాలుగు మాటలు. 1937లో పైపర్ వాళ్ల ఫ్యాక్టరీ తగలబడిపోతే, పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్ అనే ఊళ్లో మూతపడిన పట్టు మిల్లులోకి మారి అక్కడి నుంచి వీటిని తయారు చేశారు. 1938 నుంచి 1947 మధ్య దాదాపు 20,000 జే-3 కబ్‌లు బయటికి వచ్చాయి. ఎక్కువ వాటికి 65 హార్స్‌పవర్ ఇంజిన్, ఈరోజు ఓ మామూలు చిన్న కారుకి అంతకన్నా ఎక్కువ ఉంటుంది. ఖాళీ విమానం బరువు 350 కిలోల లోపే. బ్యాటరీ లేదు, లైట్లు లేవు, రేడియో కావాలంటే చేతిలో పట్టుకునేది తెచ్చుకోవాలి. పెట్రోలు ఎంత ఉందో తెలియడానికి ట్యాంకు మూతలోంచి ఒక తీగ పైకి పొడుచుకుని ఉంటుంది, తీగ కింది కొసకి ట్యాంకులో ఒక బెండు తేలుతుంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. అంతే, అదే మీటరు. పాడవడానికి అందులో ఏముంది గనక!

ఒంటరిగా నడిపేవాడు ఇందులో వెనక సీట్లో కూర్చోవాలి, కాబట్టి నేర్చుకునేవాణ్నీ వెనకే కూర్చోబెడతారు. టీచర్ ముందు. అంటే నాకు ముందు కనబడేది ఆయన వీపు. మీటర్లన్నీ ఆ వీపు అవతల ఉన్నాయి. "సార్, స్పీడ్ ఎంతో కనబడట్లేదు" అన్నాను. "అక్కర్లేదు, వినండి" అన్నారు. టైగర్ మాత్ తీగల ఈల గుర్తొచ్చింది.

తలుపు గురించి చెప్పకుండా ఉండలేను. కుడి పక్కన రెండు ముక్కల తలుపు, పై ముక్క రెక్క కిందికి లేపి తగిలించొచ్చు, కింది ముక్క వేలాడేస్తే పక్కంతా ఖాళీ. అలా తెరిచి ఎగరొచ్చు. మేం అలాగే ఎగిరాం, గంటకు 120 కిలోమీటర్ల లోపు వేగంతో, కింద రోడ్డు మీద కొన్ని కార్లు మమ్మల్ని దాటి పోతుంటే. కోసిన గడ్డి వాసన, ఎక్కడో చెత్త తగలబెడుతున్న వాసన, అన్నీ పైకి వచ్చాయి. నాకు ఎత్తంటే కొంచెం భయం, మేడ మీద పిట్టగోడ దగ్గరికి కూడా పోను. ఇక్కడ ఆ భయం రాలేదు. కాళ్ల కింది నుంచి నేలదాకా గోడలాంటిది ఏదీ లేకపోవడం వల్లేమో అనిపించింది, అయితే ఇది నా ఒక్కడి సంగతి, మీకు గ్యారంటీ ఇవ్వను.

ఓ పది నిమిషాలయ్యాక స్టిక్ నాకు ఇచ్చారు. ఎడమకి తిరగమన్నారు. స్టిక్ ఎడమకి వాల్చాను. విమానం ఎడమకి ఒరిగింది, ముక్కు మాత్రం కుడికి పోయింది! పైకి లేచే రెక్క మీద గాలి ఈడ్పు పెరిగి ఆ పక్కని వెనక్కి లాగుతుంది, దాన్ని సరిచేయాల్సింది కాళ్ల దగ్గరున్న రడ్డర్ పెడళ్లు, అంటే తోకలోని చుక్కానిని కదిపేవి. ఇప్పటి విమానాల్లో డిజైన్‌తోనే దీన్ని చాలావరకు అణిచేశారు కాబట్టి కాళ్లు నిద్రపోతున్నా నడిచిపోతుంది. ఇందులో నడవదు. "కాళ్లు" అన్నారు ముందు నుంచి. మళ్లీ తిరిగాను. "కాళ్లు." గంటలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు. తప్పు చేస్తే ఏ బల్బూ వెలగదు, ఏ బీపూ మోగదు, సీట్లో ఒక పక్కకి జారుతున్నట్టు ఉంటుంది, ఆ జారుడే మనకి మార్కుల షీటు. నలభయ్యో నిమిషానికి ఒక్క మలుపు, ఒకే ఒక్కటి, ఎటూ జారకుండా తిరిగింది. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే మెచ్చుకోలని అప్పటికి అర్థమైంది.

తర్వాత ఇంజిన్ తగ్గించి, ముక్కు ఎత్తి, వేగం గంటకు 60 కిలోమీటర్ల దగ్గరికి దించారు. రెక్కలు గాలి మీద పట్టు వదిలే స్థితి, స్టాల్ అంటారు. నాకు గుండె దడ. "తలుపు చూడండి" అన్నారు. వేలాడుతున్న కింది తలుపు ముక్క దానంతట అదే మెల్లగా పైకి తేలింది. స్టాల్ దగ్గర పడుతోందని కబ్ ఇచ్చే హెచ్చరిక అదేనట, ఎవరూ డిజైన్ చేయని అలారం. విమానం చిన్నగా వణికి, ముక్కు దించుకుని, మళ్లీ ఎగరసాగింది. అంతే. దీని కోసమా నేను రాత్రంతా టెన్షన్ పడింది?

లాండింగ్ వేరే కథ. ముక్కు చక్రం ఉన్న విమానాల్లో బరువు పెద్ద చక్రాలకి ముందు ఉంటుంది, కాస్త వంకరగా దిగినా దానంతట అదే తిన్నగా అవుతుంది. కబ్ లాంటి తోక చక్రం విమానంలో బరువు పెద్ద చక్రాల వెనక ఉంటుంది. ట్రాక్టర్‌కి ట్రైలర్ తగిలించి రివర్స్ చేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, చిన్న వంకర క్షణంలో పెద్ద వంకర అవుతుంది, పట్టుకోకపోతే తోక ముందుకొచ్చి బొంగరంలా తిరిగిపోతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. అందుకే పూర్తిగా ఆగేదాకా కాళ్లు పనిచేస్తూనే ఉండాలి. మొదటి లాండింగ్ ఆయన చేశారు, రెండోది ఇద్దరం చేశాం, మూడోది నాది అని చెప్పుకుంటున్నాను కానీ స్టిక్ మీద ఆయన చెయ్యి ఉన్న సంగతి నాకు తెలుసు. రెండుసార్లు కప్పలా గెంతింది. విమానం ఆగాక నా కుడి పిక్క పట్టేసింది, చొక్కా తడిసిపోయింది, మొహం మాత్రం నవ్వుతూనే ఉంది.

లాగ్‌బుక్ అని ఒక చిన్న పుస్తకం ఇచ్చి అందులో ఎక్కించారు. తేదీ, విమానం రకం, 1.0 గంట. రిమార్కుల గడిలో ఒకే మాట రాశారు: కాళ్లు.

ఇప్పుడు ఈ పాత విమానాల మోజు ఎందుకు పెరిగిందనే దానికి నా థియరీ ఒకటుంది, చిన్నగా చెప్పి వదిలేస్తాను. తోలు టోపీల ఫొటోలు ఒక కారణమే, కాదనను. కానీ చిన్న విమానాల రంగం ఒకప్పుడు దాదాపు చచ్చిపోయింది. 172 అనే చిన్న విమానాన్ని 44,000 పైచిలుకు తయారు చేసిన సెస్నా కంపెనీయే 1986లో చిన్న పిస్టన్ విమానాలు ఆపేసింది, ప్రమాదం జరిగితే వచ్చే కోర్టు కేసుల ఖర్చు భరించలేక. 1994లో అమెరికాలో చట్టం మార్చి, 18 ఏళ్లు దాటిన చిన్న విమానాల మీద తయారీదారుల బాధ్యతకి హద్దు పెట్టాక మళ్లీ మొదలెట్టింది. ఈలోపు మనుషులు ఊరుకోలేదు, పాతవి బాగు చేసుకున్నారు, గ్యారేజీల్లో కిట్లు తెచ్చి సొంతంగా కట్టుకున్నారు. 1953లో కొద్దిమంది ఔత్సాహికులతో మొదలైన ఈఏఏ అనే సంఘం ఏటా అమెరికాలోని ఆష్‌కాష్ అనే ఊళ్లో జరిపే మేళాకి ఇప్పుడు వేల విమానాలు వస్తాయి. 2004లో అమెరికాలో తేలికపాటి విమానాలకి సులువైన రూల్స్ వచ్చాయి, రోటాక్స్ లాంటి చిన్న ఇంజిన్లు దొరికాయి, కబ్‌ని చూసి గీసిన కొత్త విమానాలు కూడా అమ్ముతున్నారు. కొత్త విమానంలో ముందంతా స్క్రీన్లే, ఆఫీసులో చూసేదీ అదే. బెండుకి తగిలించిన తీగ చూసి మనసు పారేసుకోవడంలో వింతేముంది?

నచ్చనివీ ఉన్నాయి. చిన్న విమానాల పెట్రోలులో ఎక్కువ చోట్ల ఇంకా సీసం కలుస్తోంది, కార్లలోంచి అది ఎప్పుడో పోయింది. కబ్ లాంటి తక్కువ కంప్రెషన్ ఇంజిన్లకి అది అవసరమే లేదు, అమెరికాలో 1980ల నుంచే అనుమతి తీసుకుని మామూలు మోటారు పెట్రోలు పోస్తున్నారు. మేం ఎగిరిన కబ్‌లో మాత్రం సీసం పెట్రోలే ఉంది, మైదానంలో వేరేది దొరకదట. ఇంకోటి, ఇది ఎయిర్‌లైన్ టికెట్ కొన్నంత సేఫ్ అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒకే ఇంజిన్, వయసైన చెక్క, వయసైన జిగురు. బుక్ చేసేముందు ఇంజిన్ విప్పి బాగు చేసి ఎన్ని గంటలైంది, గుడ్డ ఎప్పుడు మార్చారు, ఈ రకం విమానం మీదే పైలట్‌కి ఎన్ని గంటల అనుభవం ఉంది, ఇన్సూరెన్స్‌లో మనం ఉన్నామా అని అడగండి. కబ్ ఇన్‌స్ట్రక్టర్ నేను అడగకముందే పుస్తకాలు తెరిచి చూపించారు. టైగర్ మాత్ వాళ్లని అడిగితే చూపించారు, కాస్త మొహం చిట్లించి.

చిన్న చిన్న సంగతులు: కింద ఎంత ఎండగా ఉన్నా పైన చలేస్తుంది, జాకెట్ తీసుకెళ్లండి. స్కార్ఫు వద్దు, వీడియోల్లో బాగుంటుంది కానీ ఎగిరిపోయి తోకకి చుట్టుకుంటే అంతే సంగతులు. పలచటి అడుగున్న బూట్లు వేసుకోండి, పెడల్ కాలికి తెలియాలి. జేబులో చిల్లర, తాళాలు, పెన్నులు కిందే వదిలేయండి.

ఎవరికైనా పుట్టినరోజు బహుమతి ఇవ్వాలి, వాళ్లకి విమానాల పిచ్చి లేదు, ఫొటో కావాలి అంతే అనుకుంటే టైగర్ మాత్ రైడ్ బాగానే ఉంటుంది, పన్నెండు నిమిషాలని చెప్పి మరీ ఇవ్వండి. పిచ్చి ఉన్నవాళ్లకైతే ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి పాఠం కొనండి. టైగర్ మాత్‌లోనే పాఠం చెప్పేవాళ్లు దొరికితే ఇంకా మంచిది, నేను వెళ్లిన చోట చెప్పరు. నాకు వచ్చే శనివారం ఉదయం ఏడింటికి కబ్ స్లాట్ దొరికింది, ఆ రోజు గాలి ఎటు నుంచి వీస్తుందో ఇప్పటినుంచే రోజుకి నాలుగుసార్లు చూసుకుంటున్నాను.